‘ఏదో ఒకటి తగలెయ్యండి’ – సటీకా తాత్పర్యం

అవతారిక

వ్యాఖ్యాతలకు పెద్దదిక్కు మల్లినాథసూరి. మెదక్ జిల్లా కొల్చారం ఆయనది. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకుని మరీ కాళిదాసు కావ్యాల మీద కలం పట్టాడు. ప్రస్తుత వ్యాఖ్యాత అలాంటి ఒట్టేదీ పెట్టుకోలేదు. మూలం ఏడు మాటలు. ఏడు మాటల్లో ఎంతని ఉంటుంది? లేనిదే ఎక్కువ రాయవలసి వచ్చింది.

మూలం పుట్టిన సందర్భం ఇది. ఊరు మస్కట్. నెల ఆగస్టు. వారం గురువారం. శుక్ర, శనివారాలు సెలవులైన దేశంలో గురువారం రాత్రికి ఉండే సందడి చెప్పనక్కర్లేదు. ఒక పెద్ద మాల్‌లో సెంట్ల అంతస్తు. వ్యాఖ్యాత ఉద్యోగంలో చేరి ఇరవయ్యేళ్లు నిండాయి. ఆ సందర్భంగా తనకు తానే ఒక సెంటు సీసా బహూకరించుకుందామని బయల్దేరాడు. సన్మానగ్రహీతా తనే, సన్మానకర్తా తనే, సభలో ప్రేక్షకురాలు మాత్రం ధర్మపత్ని. ఆవిడది అమలాపురం దగ్గర. పదకొండేళ్లుగా ఈ ఊళ్లోని రువీలో కాపురం.

అంబర్, ధూపం కలిసిన ఘాటు రకాలే కావాలని వ్యాఖ్యాత పట్టుబట్టాడు. పదహారు కాగితపు ముక్కలు వాసన చూశాడు. పద్నాలుగు తోసేశాడు. మిగిలిన రెండూ రెండు మణికట్ల మీదికి ఎక్కాయి. ఇక ఎడమ, కుడి, ఎడమ, కుడి. మధ్యమధ్య ముక్కు తేరుకోవడానికి సేల్స్ కుర్రాడు కాఫీగింజల గిన్నె అందించాడు. ఆ గింజల వాసన కూడా బాగానే ఉందనిపించింది. ఇలా గంటన్నర గడిచాక, కూర్చోడానికి కుర్చీ లేని ఆ చోట, ఈ కింది సూత్రం వెలువడింది.

మూలం

“ఆ రెండిట్లో ఏదో ఒకటి తగలెయ్యండి, ఇంటికి పోదాం.”

కర్తృత్వం, ఛందస్సు

కర్తృత్వం నిర్వివాదం. సేల్స్ కుర్రాడి మాటేమో అని ఎవరికైనా శంక కలిగితే, అతడిది త్రిశ్శూరు; తెలుగులో వచ్చింది ‘చాలా బాగుంది సార్’ ఒక్కటే. అది పదహారు సీసాలకూ వాడాడు గనక ప్రమాణం కాదు. ఛందస్సు విషయానికొస్తే ఇది గద్యమే. అయినా ఒక నడక ఉంది. కొత్త చెప్పులు కరుస్తున్న మనిషి మాటకు ఉండే నడక.

ప్రతిపదార్థం

ఆ రెండిట్లో = నీలిసీసా, తేనెరంగు సీసా అను ఆ జంటయందు; ఏదో ఒకటి = ఏదియైనను సరే, యొక్కదానిని; తగలెయ్యండి = (ఓ మగడా!) కొనుడు; ఇంటికి = రువీలోని రెండుగదుల ఫ్లాటునకు; పోదాం = పోవుదము.

ఇంతవరకూ బాలబోధిని. పరీక్షకు ఇది చాలు. కాపురానికి చాలదు.

‘ఆ రెండిట్లో’

గుంపులోంచి ఒకదాన్ని విడదీసి చూపడాన్ని వ్యాకర్తలు నిర్ధారణం అంటారు. గుంపు ఎంత చిన్నదైతే నిర్ధారణం అంత తేలికని పామరుల నమ్మకం. వరాహమిహిరుడు బృహత్సంహితలో గంధయుక్తి అని ఒక అధ్యాయమే పెట్టాడు. పదహారు ద్రవ్యాల్లోంచి నాలుగేసి తీసి కలిపితే 1,820 మేళవింపులు వస్తాయని ఆరో శతాబ్దంలో లెక్కగట్టాడు. ఇప్పుడు కాలిక్యులేటర్ మీద వేసినా అంతే వస్తుంది. అయితే 1,820 కలపడం విద్య. రెండింట్లో ఒకటి ఎంచడం రోగం. దానికి ఆయన దగ్గర సూత్రం లేదు.

ఎడమ మణికట్టు సంగతి ముందు. అక్కడున్నది ఆంబ్ర్ సుల్తాన్. సెర్జ్ ల్యూటెన్స్ అనే ఫ్రెంచాయన పేరు మీద వచ్చేది. చేసినవాడు క్రిస్టఫర్ షెల్డ్రేక్. ల్యూటెన్స్ పుట్టింది 1942లో, ఫ్రాన్సు ఉత్తరాన లీల్ పట్టణంలో. మనసు పారేసుకున్నది మొరాకోలోని మరాకేష్‌లో. అక్కడి బజారులో దొరికిన సువాసన మైనం ఒకటి చెక్కపెట్టెలో పెట్టి మరచిపోయాడనీ, తరవాత అదే ఈ సెంటుకు మొలక అయిందనీ చెబుతారు. మన ఇళ్లలో చెక్కపెట్టెలో మరచిపోయినవి కలరా ఉండలవుతాయి. ఎవరి పెట్టె వాళ్లది.

ఇక్కడ ‘అంబర్’ శబ్దం మీద కొంత చర్చ తప్పదు. అది శ్లేషపదం. అరబ్బీలో అన్బర్ అంటే స్పెర్మ్ తిమింగలం పేగుల్లో పుట్టి, సముద్రంలో తేలి, ఒడ్డుకు కొట్టుకొచ్చే బూడిదరంగు ముద్ద. మన పత్రికలు దీన్ని ‘తిమింగలం వాంతి’ అని రాస్తాయి, పుట్టేది పేగుల్లో అయినా. ఇండియాలో అది దగ్గరుంటే 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద కేసు. అన్బర్ అన్న మాట యూరప్ చేరి, బాల్టిక్ తీరాన దొరికే పసుప్పచ్చని శిలాజపు బంకకు కూడా అంటుకుంది. రెండూ సముద్రం ఒడ్డున దొరుకుతాయి, రెండూ ఖరీదు. పేరు పంచుకోవడానికి అంతకంటే చుట్టరికం ఏం కావాలి? అయితే సెంటుసీసా మీద అంబర్ అని ఉంటే మామూలుగా లోపల తిమింగలమూ ఉండదు, శిలాజమూ ఉండదు. ఉండేవి ముఖ్యంగా మూడు: లాబ్డనం, బెంజోయిన్, వనిల్లా. అంబర్ అనేది ఒక వస్తువు కాదు, ఒక ఒప్పందం. ‘గరంమసాలా’ అనే చెట్టు లేనట్టే.

ఆ మూడింట్లో వనిల్లా వాటా ఎక్కువగా ప్రయోగశాలది. 1874లో టీమన్, హార్మన్ అనే ఇద్దరు జర్మన్లు పైన్ చెట్టు రసంలోని పదార్థం నుంచి వనిలిన్ చేశారు. ఐస్‌క్రీములకూ సెంట్లకూ కూడా వాళ్లు ప్రాతఃస్మరణీయులు. లాబ్డనం మాత్రం మధ్యధరా గుట్టల మీద పెరిగే సిస్టస్ పొద ఆకుల జిగురు. అది మేకపోతుల గడ్డాలకు అంటుకుని దొరుకుతుందని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. అంత కంపుకొట్టే చోట అంత కమ్మని వాసన దొరకడమేమిటని ఆయనే ఆశ్చర్యపోయాడు కూడా. ఈ సంగతి షాపులో ఆవిడకు చెప్పడం వ్యాఖ్యాత చేసిన మొదటి పొరపాటు. ఆ తరవాత ఎడమ చెయ్యి ముందుకు చాపినప్పుడల్లా “మేకగడ్డమేనా?” అనే అడిగింది.

కుడి మణికట్టు మీద ఇంటర్‌లూడ్ మ్యాన్. ఇది ఈ ఊరిదే. 1983లో సుల్తాన్ ఖాబూస్ సంకల్పంతో పుట్టిన అమువాజ్ వారిది. మగవాళ్ల సీసా మూతకు ఒమానీల నడుముకు వేలాడే ఖంజర్ పిడి పోలిక ఉంటుంది. ఇంటర్‌లూడ్ 2012లో వచ్చింది. చేసినవాడు పియేర్ నెగ్రాన్. చుట్టూ గందరగోళం, నడుమ చిన్న విరామం అన్నది దీని వెనక ఊహ. గందరగోళం వరకు అందరికీ ఏకాభిప్రాయం ఉంది. సీసా నీలంగా ఉంటుంది గనక సెంటుప్రియులు దీన్ని ‘నీలి మృగం’ అంటారు. ముద్దుకే. ఏనుగును పెంచుకునేవాళ్లకు ఏనుగు ముద్దే కదా.

దీని ప్రాణం లుబాన్ అనే చెట్టుబంక పొగ. ఒమాన్ దక్షిణాన ధోఫార్ కొండల వెనక, వర్షం ముఖం చూడని ఎండునేల మీద ఆ చెట్లు. బెరడు గీస్తే తెల్లటి పాలు కారతాయి. గట్టిపడ్డాక గీకి తీస్తారు. అరబ్బీ మాటలోనే పాల తెలుపు ఉంది. వాదీ దౌకాలోని ఆ చెట్ల తోపూ, పాత రేవుపట్టణాలూ కలిపి 2000లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కాయి. ఆ రేవుల్లో ఒకటైన ఖోర్ రోరీలో తమిళ బ్రాహ్మి అక్షరాలున్న కుండపెంకు దొరికింది. అంటే మనవైపు మనిషి ఒకడు రెండువేల ఏళ్ల కిందటే ఈ ఒడ్డున నిలబడి, బేరం తెగక, బహుశా భార్య చేత మాట పడి ఉంటాడు. హెరొడోటస్ ఇక్కడా ఉన్నాడు: ఈ చెట్లను రెక్కల పాములు కాపలా కాస్తాయనీ, స్టైరాక్స్ అనే చెట్టుబంకతో పొగపెట్టి వాటిని తరిమితే తప్ప లుబాన్ చేతికి రాదనీ రాశాడు. పొగకోసం పొగ. ఈ కాలంలో పాముల స్థానంలో ధర ఉంది. ఆ నీలిసీసా వెలతో అమలాపురంలో రెండుగదుల వాటా కొన్ని నెలలు అద్దెకుండొచ్చు.

ఇప్పుడు అసలు చిక్కు. ఈ రెండింటికీ ఒక రహస్య బంధుత్వం ఉంది. రెండింటి ఆరంభంలోనూ ఒరెగానో ఉంది. పిజ్జాతో చిన్న పొట్లాల్లో వచ్చే ఆకుపొడి అదే. ఒరెగానోకు ఆ ఘాటునిచ్చేది కార్వక్రాల్, దానికి తోడు థైమాల్. మన వామాకులో ఉండేది కార్వక్రాలే. వాములో ఉండేది థైమాలే. కాబట్టి ప్యారిస్‌లో ఒక ముక్కు ‘మధ్యధరా మూలికల ప్రభాతం’ అని మురిసే చోట కోనసీమ ముక్కు ఏమంటుంది? కుడి మణికట్టు మొదటిసారి చూసి ఆవిడ అన్నది ఇది: “వామాకు బజ్జీలు వేసి నూనె మాడ్చేశారు.” రసాయనశాస్త్రం ప్రకారం ఇందులో వామాకు భాగం అక్షరాలా సరైనది. మాడ్చేశారు అన్నది లుబాన్ పొగ. నూనె ఒక్కటే కవిసమయం.

శంక: రెండింట్లోనూ అవే సరుకులైతే రెండింటికీ తేడా ఏమి?

సమాధానం: ఉప్మాలోనూ పులిహోరలోనూ ఆవాలు, మినప్పప్పు, ఎండుమిర్చి, కరివేపాకు ఉన్నవి. కావున ఉప్మాయే పులిహోర అనువాడు ఈ వ్యాఖ్య చదువుటకు అధికారి కాడు.

తేడా చెప్పాలంటే, ఆంబ్ర్ సుల్తాన్ కూర్చుని ఉంటాడు. మనం దగ్గరికెళ్లాలి. మొదట మందుల షాపు మెట్టెక్కినట్టు పచ్చిగా తగిలి, కాసేపటికి వెచ్చబడి, బెల్లప్పాకం ముదిరే చోట నిలుచుంటాడు. మృగం అలా కాదు. మనకంటే ముందు లిఫ్టెక్కుతుంది. తోలు, పొగ, బంక, ఆకు అన్నీ ఒకేసారి మాట్లాడతాయి, పెళ్లింట్లో మేనత్తల్లా. ఒక్కొక్కరూ ఏమంటున్నారో అర్థం కావడానికి గంట పడుతుంది. రెండింటి మీదా మధ్యస్థ అభిప్రాయాలు లేవు. చేతులెత్తి మొక్కేవాళ్లు, చేతులడ్డం పెట్టుకునేవాళ్లు, అంతే. ‘పర్లేదు, బాగానే ఉంది’ అన్నవాణ్ణి వ్యాఖ్యాత ఇంతవరకు చూడలేదు, త్రిశ్శూరు కుర్రాణ్ణి మినహాయిస్తే.

‘ఏదో’

ఏది + ఓ = ఏదో. ఇకార సంధి. ఏమి, మరి, ఏది వంటి కొన్ని మాటల్లోని ఇకారానికి అచ్చు పరమైతే సంధి వైకల్పికమని తెలుగు వ్యాకరణం. చేయవచ్చు, మానవచ్చు. ఈ సూత్రం మొత్తంలో కోరుకునే స్వేచ్ఛ ఇచ్చిన చోటు ఇదొక్కటే. ఆవిడ దాన్ని కూడా క్షణంలో తేల్చేసింది. సంధి చేసి పారేసింది. వ్యాఖ్యాతకైతే ‘ఏది ఓ’ అని విసంధిగా అరగంట నిలబడే స్వభావం.

‘ఏదో’లోని ఓకారం అనిశ్చయార్థకం. కానీ గమనించండి: అనిశ్చయం వస్తువుల గురించే గాని వక్త గురించి కాదు. వక్తకు నిశ్చయమే. ఆవిడ దృష్టిలో రెండూ ఒకటే కంపు.

‘ఒకటి’

ఈ పదం మీద మూడు మతాలు ఉన్నవి.

రెండూ ఒకే బంక, ఒకే పొగ. పేర్లూ సీసాలూ ఉపాధి భేదం. భేదబుద్ధి పోయినవాడికి కొనవలసిన పనే లేదని అద్వైతులు. ఆర్థికంగా ఇది ఉత్తమ మతం. రెండూ నిత్యసత్యాలు, దేని సత్త దానిదే, కావున రెండూ కొనవలసినదేనని ద్వైతులు. వ్యాఖ్యాత లోలోపల ఈ మతస్థుడు. ఇక విశిష్టాద్వైతం సేల్స్ కుర్రాడిది. కింద సుల్తాన్, పైన మృగం, రెండు పొరలుగా కొట్టుకుంటే శరీరశరీరి భావంతో ఒక్కటే అవుతాయన్నాడు. లేయరింగ్ అంటారట. ఎన్ని పొరలు వేసినా బిల్లు మాత్రం ద్వైతంలోనే వస్తుందని ఆవిడ పూర్వపక్షం చేసి కొట్టేసింది.

పాఠాంతరం: ‘ఆ రెండూ తగలెయ్యండి’ అని విన్నట్టు వ్యాఖ్యాత ఒక పాఠాన్ని ప్రతిపాదించి చూశాడు. మూలకర్త ఎదుటే ఉండటంవల్ల ఆ పాఠం నిలవలేదు. బతికున్న కవికి వ్యాఖ్య రాయడంలోని ఇబ్బంది మల్లినాథుడికి లేదు.

‘తగలెయ్యండి’

సూత్రానికి గుండె ఇక్కడుంది.

శబ్దానికి మూడు శక్తులు: అభిధ, లక్షణ, వ్యంజన. గంగలో గొల్లపల్లె అంటే నీళ్లలో కాదు, గంగ ఒడ్డున అని తెచ్చుకుంటామే, అది లక్షణ. ఆ పల్లెకు చల్లదనం, పావనత్వం తోస్తాయే, అది వ్యంజన. అలంకారికులు కొన్ని వందల ఏళ్లుగా ఈ ఒక్క పల్లె మీదే బతుకుతున్నారు. వాళ్లకిప్పుడు మస్కట్ మాల్ నుంచి కొత్త ఉదాహరణ సమర్పిస్తున్నాం.

తగలెయ్యడం అంటే అభిధలో నిప్పుపెట్టడం. లక్షణలో డబ్బు ఖర్చుపెట్టడం. డబ్బు కాలదు గనక ముఖ్యార్థం పొసగక, ‘కాలినట్టే మాయమవుట’ అనే పోలికతో ఇంకో అర్థం వచ్చింది. వ్యంజనలో తోచేవి అనేకం. పోయినేడు కొన్న ఎయిర్‌ఫ్రైయర్ తోస్తుంది. రెండువారాలు వాడిన వ్యాయామ సైకిలు తోస్తుంది. పుట్టింటివాళ్లు ముందే చెప్పారన్న సంగతి తోస్తుంది. పైకి తిట్టులా ఉన్నా ఫలితం అనుమతి గనక ఇక్కడ వ్యాజస్తుతి. తగలెయ్యడంలో అనుజ్ఞ, ‘అండి’లో గౌరవం. మొగుణ్ణి తిడుతూ మర్యాద తప్పని ఈ ‘అండి’ గోదావరి జిల్లాల సొత్తు. ఇంకెక్కడా ఇంత సాపుగా పలకదు.

అయితే వ్యాఖ్యాత ఈ చోట ఆగిపోయింది వ్యంజన కోసం కాదు, అభిధ కోసం. ఎందుకంటే ఈ వ్యవహారంలో ముఖ్యార్థమే అక్షరాలా పొసగుతోంది. పెర్‌ఫ్యూమ్ అన్న మాటకు లాటిన్లో అర్థం ‘పొగ ద్వారా’. ఇన్‌సెన్స్ అంటే ‘కాల్చబడినది’. ఒకప్పుడు సెంటంటే చాలావరకు తగలెయ్యడమే. నిప్పుల మీద వేసేవాళ్లు, పొగలో బట్ట ఆరేసేవాళ్లు, జుట్టు ఆరబెట్టేవాళ్లు. ఒమానీలు ఇప్పటికీ మజ్మర్ అనే మట్టి ధూపపాత్రలో లుబాన్ వేసి ఇల్లంతా తిప్పుతారు. అదే లుబాన్ రాత్రి నీళ్లలో నానేసి పొద్దున తాగేవాళ్లూ ఉన్నారు. హైదరాబాదు పాతబస్తీలో దుకాణం దుకాణానికీ లోబాన్ పొగ వేసిపోయే ఫకీరుదీ ఆ వృత్తే. ఆవిడ కోపంలో అన్న మాట శబ్దవ్యుత్పత్తికి ఇంత దగ్గరగా వచ్చిందని అక్కడే చెప్పబోయాడు వ్యాఖ్యాత. ‘లాటిన్లో’ అనే వరకు వచ్చేసరికి ఆవిడ ఎస్కలేటర్ మీద ఉంది.

‘ఇంటికి’

మన అడవుల్లోనూ లుబాన్‌కు ఒక చెల్లెలు ఉంది. తెలుగులో అందుగు, సంస్కృతంలో సల్లకి. ఏనుగులకు ఇష్టమని అమరకోశం దానికి గజభక్ష్య అని కూడా పేరు పెట్టింది. దాని బంక పరంగిసాంబ్రాణి అనే పేరుతో పచారీకొట్లో దొరుకుతుంది. ఏనుగు ఆకులు తింటుంది. మనం బంక కాలుస్తాం. ఖరీదు మాత్రం ధోఫార్ అక్కదే.

ఇక ఇంట్లో ప్రతి శుక్రవారం, తలంటుకున్న రోజు, ఆవిడ వేసే సాంబ్రాణి సంగతి. ఇండియా నుంచి వచ్చేవాళ్లెవరైనా పావుకిలో తేవలసిందే. స్టైరాక్స్ చెట్ల బంక అది. సుమత్రా వైపుది. అరబ్బు వర్తకులు దాన్ని లుబాన్ జావీ అన్నారు, అంటే జావా లుబాన్. యూరప్ వాళ్ల నోట మొదటి ‘లు’ జారిపోయి, బెంజుయీ అయి, బెంజోయిన్ అయింది. అంటే ఏమిటి? సుల్తాన్ సీసాలో అంబర్‌కు మూడు కాళ్లలో ఒక కాలుగా నిలిచిన బెంజోయిన్, రువీ ఫ్లాటులో శుక్రవారం శుక్రవారం స్మోక్ అలారం మోగించే సాంబ్రాణి, దగ్గరి చుట్టాలు. పదకొండేళ్లుగా ఇంట్లో ఉన్నదాన్ని ఎడమ చేతి మీద చూసి “మేకగడ్డం” అన్నది.

బెంజోయిన్ అన్న మాట కథ అక్కడితో ఆగలేదు. బెంజోయిన్ నుంచి బెంజోయిక్ ఆమ్లం తీశారు. 1830లలో మిట్షర్‌లిఖ్ అనే జర్మన్ ఆ ఆమ్లం నుంచి ఒక ద్రవం రాబట్టి దానికి అదే పేరు అంటగట్టాడు. అదే మన కెమిస్ట్రీ పుస్తకాల్లో బెంజీన్. ఆ పేరు జర్మనీలో పెట్రోలుకు పాకింది. పాకి పాకి అరబ్బీలోకి తిరిగొచ్చింది: పెట్రోలుకు అరబ్బీలో బెన్జీన్. తాము ధూపంగా పంపిన మాట అరబ్బులకు ఇంధనంగా వాపసు వచ్చింది. ఈ సరుకు రెండు రకాలుగానూ తగలెయ్యడానికే పుట్టినట్టుంది.

‘పోదాం’

ఇది ఉత్తమపురుష బహువచనం, ప్రోత్సాహకార్థం. ‘మేము’ కాదు, ‘మనం’. ‘నేను పోతున్నా’ అనలేదు, ‘మీరు రండి’ అనలేదు. ఎంత విసుగులోనైనా ఇద్దరినీ ఒక్క క్రియలో కట్టేసింది. ఈ ‘దాం’ ప్రత్యయం ఆధారంగానే వ్యాఖ్యాత ఏ సీసా కొనకుండా, రెండు చేతులూ రెండు వాసనలతో, ఎస్కలేటర్ వెంట పరుగెత్తాడు.

కార్ల అంతస్తుకు లిఫ్టు. లోపల ఒక ఒమానీ పెద్దాయన ఉన్నాడు. వాళ్ల దిష్‌దాషాకు మెడ దగ్గర చిన్న కుచ్చు వేలాడుతుంది; సెంటు అద్దుకోవడానికే అది. ఆయన ముక్కు ఒకసారి ఎగబీల్చి, “లుబాన్?” అని నవ్వాడు. అమ్మ చెయ్యి పట్టుకున్న పిల్లవాడు మాత్రం “పిజ్జా!” అన్నాడు. ఆ అమ్మ ఏమీ అనలేదు. దుపట్టా కొంగు ముక్కుదాకా తెచ్చుకుంది. మూడు మీటర్ల పెట్టెలో మూడు సంప్రదాయాలు. అందరూ ఒకే మణికట్టు మీద వ్యాఖ్యానిస్తున్నారు.

ఇక్కడ భౌగోళిక విశేషం ఒకటి చెప్పాలి. ఒమాన్‌లో బండి కుడిపక్కన నడుస్తుంది, స్టీరింగ్ ఎడమవైపు. భార్య కూర్చునేది కుడివైపు. అందువల్ల సుల్తాన్ కిటికీవైపు పోయాడు, మృగం ఆవిడ పక్కన పడింది. ఏసీ వేసి ఉంది. రెండు నిమిషాలు ఓర్చుకుని, ఆగస్టు వేడి లోపలికి వచ్చినా సరేనని అద్దం దించింది. “ఆ చెయ్యి కాస్త అటు పెట్టుకోండి” అంది. గేరుమీద చెయ్యి ఎటు పెడతాం?

సిగ్నల్ పడింది. పెద్ద సిగ్నల్. ఎదురుగా లెక్క నూట నలభై నుంచి దిగుతోంది. అప్పటికి సెంటు కొట్టి రెండు గంటలు దాటింది. తేలికవి ఎగిరిపోయి బరువైనవి మిగిలే సమయం. ఒరెగానో వెళ్లిపోతుంది, బంకలు ఉండిపోతాయి. ఆవిడ అద్దం పైకెత్తింది. ఏమీ అనకుండా కుడి మణికట్టు అందుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది.

“ఇదేంటండీ, ఇందాక వాము కొట్టింది కదా?”

“కొట్టింది.”

“మరేది?”

“పోయింది.”

ఎడమ చెయ్యి కూడా ఇమ్మంది. స్టీరింగ్ మీద నుంచి తీసిచ్చాడు. నూట నలభై లెక్కలో మిగిలినదంతా రెండు చేతులూ ఆవిడ దగ్గరే ఉన్నాయి. ఎడమ, కుడి, ఎడమ, కుడి. మధ్యలో ఒకసారి కళ్లు మూసుకుంది కూడా. కాఫీగింజలు ఉంటే బాగుండుననిపించింది వ్యాఖ్యాతకు.

పచ్చలైటు పడింది. వెనకవాడు హారన్ కొట్టాడు. చేతులు వదిలి సీటుబెల్టు సర్దుకుంటూ రెండో సూత్రం చెప్పింది.

“వెనక్కి తిప్పండి. షాపు ఇంకా ఉంటుందిగా.”

ఇది మొదటి సూత్రానికి బాధకసూత్రం. ‘ఇంటికి’ అన్నదాన్ని కొట్టేస్తుంది, ‘పోదాం’ అన్నదాన్ని నిలబెడుతుంది. కర్మపదం లేదు. ఏది కొనాలో మూలంలో ఎక్కడా కనిపించదు. అడుగుదామని నోరు తెరిచాడు గాని, అడిగితే వచ్చే జవాబు ముందే వ్యాఖ్యానించి ఉన్నాడు గనక ఊరుకున్నాడు. యూటర్న్ మూడు కిలోమీటర్ల అవతల ఉంది. అక్కడిదాకా పోయి, అక్కణ్ణుంచి మళ్లీ మాల్‌దాకా వచ్చేలోపు తగలేసినది బెన్జీన్ ఒక్కటే.